కర్త లేని కర్తృత్వము : పష్తూన్ స్త్రీల లండై కవిత

హిందూకుష్ పర్వతములకు దక్షిణముగా సింధునది వఱకు వ్యాపించిన పష్తూనుల దేశము 1893లో గీయబడిన డ్యూరండ్ రేఖచే రెండుగా చీలినది. నేడు ఒక భాగము ఆఫ్ఘనిస్తానమునందును, మఱియొక భాగము పాకిస్తానమునందును గలదు. మన దేశమున పఠానులను పేర ప్రసిద్ధులైనవారు ఈ జాతివారే. వీరి భాష పష్తో. ఇరానీ భాషాకుటుంబమునందలి ప్రాచ్యశాఖకు చెందినది. ఈ భాషలో రెండు పాదములతో ముగియు ఒక చిన్న పద్యజాతి కలదు. దానిని లండై యందురు. పెషావరు ప్రాంతమున టప్పా యనియు వ్యవహరింతురు. హిందూస్తానీ సంగీతమందలి టప్పాతో దీనికి నామసామ్యమే కాని రూపసామ్యము లేదు.

లండైలను పలుకువారు ప్రధానముగా స్త్రీలు. వీరిలో అత్యధికులు అక్షరజ్ఞానము లేనివారు, పరదా దాటరానివారు, తమ వివాహవిషయమున అభిప్రాయ మడుగబడనివారు. అట్టి స్త్రీలు ప్రేమను, కోపమును, వియోగమును, పరిహాసమును ఇంత నిర్భయముగా ఎట్లు పలుకగలిగిరి? కులగౌరవమునకై ప్రాణములు తీయ వెనుదీయని సమాజము ఈ పలుకును ఎట్లు సహించినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము. తన బ్రతుకును తాను ఎంతో కొంత మలచుకొనగల శక్తిని కర్తృత్వమని మేము వ్యవహరించుచున్నాము. లండై స్త్రీకి ఒసగు కర్తృత్వము ఆ పద్యమునకు కర్త యెవరో తెలియకుండుటయందే ఇమిడియున్నదని మా అభిప్రాయము.

1. రూపము

లండై యను పదమునకు పొట్టిది యని అర్థము. పొట్టిదై విషము గల ఒక సర్పమునకును ఆ పేరే కలదు. పద్యము కాటువేయు తీరు నెఱిగినవారికి ఈ రెండవ యర్థము వింతగా తోచదు. మొదటి పాదమున 9 అక్షరములు, రెండవ పాదమున 13 అక్షరములు, మొత్తము 22 అక్షరములు ఉండును. పద్యము 'మ' గాని 'న' గాని అగు ధ్వనితో ముగియును. పాదములకు పరస్పరము ప్రాసనియమము లేదు. మన ఛందశ్శాస్త్రము గురులఘువులను గణించును. ఇందు అక్షరసంఖ్యయు, ఊనికయు ప్రధానములు. పష్తో పద్యమునకు ఊనికయే ఆధారమని డి. ఎన్. మెకంజీ 1958లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. లండైలో ఇంచుమించు ప్రతి నాల్గవ యక్షరముపై ఊనిక పడును.

మన ద్విపదయు రెండు పాదములదే. కాని ద్విపద కథను మోసికొనిపోవు గొలుసు. లండై తనంతట తాను ముగియు ముక్తకము. ఈ విషయమున దీనికి సన్నిహితమైనది హాలసాతవాహనుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతి. అందును పెక్కుచోట్ల పలుకునది స్త్రీయే. పల్లెయు, పొలమును, ప్రవాసియైన భర్తయు అందును గానవత్తురు. భేదమును మఱువరాదు. గాథలు సంకలితములై, వ్యాఖ్యాతల చేతులలో పడి, కవుల పేళ్లను గూడ సంతరించుకొన్న ప్రాకృతసాహిత్యము. లండై నేటికిని నోట బ్రతుకుచున్నది; దానికి పేరు చేర్చుట ఎవరికిని శక్యము కాదు.

22 అక్షరముల పద్యము ఒక్కసారి వినినంతనే కంఠస్థమగును. వ్రాయ నక్కఱలేదు, దాచ నక్కఱలేదు. కాగితము దొరకినచో శిక్ష కలదు. జ్ఞాపకమును వెదకి పట్టుకొనగలవారు లేరు. పద్యము పొట్టిదగుట అందమునకే కాక రక్షణకును ఉపకరించినది.

2. లండై వెనుకనున్న సమాజము

పష్తూనుల ఆచారసంహితకు పష్తూన్‌వలీ యని పేరు. ఆతిథ్యము, ప్రతీకారము, శరణాగతరక్షణము, నంగ్ అనబడు మానధనము అందలి ముఖ్యాంశములు. నంగ్ నకు స్త్రీ శీలము ఆధారముగా భావింపబడుచున్నది. కన్యకు వరుని ఎన్నుకొను అధికారము సాధారణముగా లేదు. వల్వర్ అను కన్యాశుల్కము వరుని పక్షమువారు కన్యపక్షమువారికి చెల్లింతురు. రెండు కుటుంబముల నడుమ హత్యాదులచే కలిగిన వైరమును తీర్చుటకు కన్యను శత్రువుల ఇంటి కిచ్చు బద్ అను ఆచారము చట్టములు నిషేధించినను పూర్తిగా అంతరింపలేదు. ఈ నియమములు అంతటను ఒకే తీరున లేవు. కూచీలను సంచారుల స్త్రీలకు నగరస్త్రీలకంటె తిరుగుటయందు స్వేచ్ఛ హెచ్చు. టప్పాగానమున విఖ్యాతి గాంచిన జర్‌సంగా యను గాయని సంచారకుటుంబమున జన్మించినదే.

ఇట్టి సమాజమున పురుషుని కవిత్వమునకు రాచబాట కలదు. ఖుషాల్ ఖాన్ ఖటక్ (1613-1689) మొదలుగా గల కవుల దివానులు లిఖితములై నిలిచినవి. పేళ్లతో తెలియవచ్చు ప్రాచీన కవయిత్రుల విషయమున పరిశోధకులు జాగరూకులై యుండవలయును. 1944లో అబ్దుల్ హై హబీబీ కాబూలున ప్రకటించిన 'పటా ఖజానా' యను గ్రంథము పెక్కుమంది స్త్రీకవులను పేర్కొనుచున్నది. కాని ఆ గ్రంథపు ప్రామాణ్యమునే పండితులు పలువురు శంకించియున్నారు. లిఖితసాహిత్యమున స్త్రీ కనుపించు తావు ఇంత సందిగ్ధము. మౌఖికసాహిత్యమున ఆమె స్థానము సందేహాతీతము.

3. పలుకు తావులు

లండై ప్రత్యేకముగా ఒక సభలో వినిపించు కవిత కాదు. దినచర్యలో ఇమిడిన పలుకు. అందు ముఖ్యమైన తావు గుదర్, అనగా నీటిరేవు. సాయంకాలమున కడవలతో స్త్రీలు రేవునకు పోవుదురు. ఇల్లు దాటుటకు వారికి అందఱును అంగీకరించిన నెపము అదియే. పురుషు లచ్చట నిలువరాదు. ఐనను దవ్వున నిలిచి చూచు యువకుడు లండైలలో పదే పదే వచ్చును. కొళాయిలును, చేతిపంపులును వచ్చిన పల్లెలలో గుదర్ ప్రాముఖ్యము సన్నగిల్లినది. పద్యములలో మాత్రము నిలిచియే యున్నది.

రెండవ తావు వివాహము. స్త్రీలు తమ భాగమున దాయిరా యను డప్పును మ్రోగించుచు వంతులుగా పాడుదురు. ఒకామె లండైకి మఱియొకామె లండైయే బదులు. పాటకు ముందు 'యా ఖుర్బాన్' అను దీర్ఘమైన ఎత్తుగడ కలదు. మూడవ తావు మరణము. ఈ రెండింటిని కలిపి పష్తూనులు గమ్-ఖాదీ యందురు. దుఃఖము-సంతోషము అని అర్థము. చావునకు, పెండ్లికి, పురిటికి, జబ్బునకు బంధువుల యిండ్లకు పోయి పలుకరించుట స్త్రీల విధి. ఒకరు వచ్చినచో వీరు తిరిగి పోవలయును. లోపించినచో కుటుంబముల సంబంధమే చెడును. బెనెడిక్ట్ గ్రీమా 1992లోను, అమీనా అహ్మద్ 2006లోను ప్రకటించిన గ్రంథములలో ఈ విధిని విపులముగా పరిశీలించిరి. తన కష్టమును తగిన తీరున చెప్పుకొనుట స్త్రీకి గౌరవము తెచ్చునని గ్రీమా చూపినది. కావున గమ్-ఖాదీ పష్తూన్ సమాజమున స్త్రీలు నడపు ఒక వ్యవస్థ; పురుషుల జిర్గా సభలో వారికి చోటు లేకున్నను, కుటుంబముల మైత్రీవిరోధములు కొంతవఱకు వీరి రాకపోకలపై ఆధారపడియున్నవి.

లండైల వస్తువులను పష్తూనులే ఐదు మాటలలో చెప్పుదురు: మీనా (ప్రేమ), జంగ్ (యుద్ధము), వతన్ (స్వదేశము), బిల్తూన్ (వియోగము), గమ్ (దుఃఖము). వీనిలో వియోగము విస్తారమైనది. పురుషులు కరాచీకిని, గల్ఫుదేశములకును కూలికై పోవుట పెరిగిన కొలది ఈ వస్తువు కొత్త బలమును పుంజుకొన్నది. పరిహాసమునకును కొఱత లేదు. ఇష్టములేని భర్త, వృద్ధుడు గాని బాలుడు గాని, లండైలలో హాస్యాస్పదమైన భీకరరూపమున కనుపించును. అతని నిద్ర, అతని గురక, అతని చేతగానితనము స్త్రీల నవ్వునకు పాత్రములు.

4. అజ్ఞాతత్వము

ఒక యువతి ఫలానావానిని ప్రేమించితినని పలికినచో అది నేరము. ఆమె లండై పాడినచో అది లండై. రెండింటి భావ మొక్కటియే కావచ్చును. ఆ పద్యము తనది కాదనియు, తన తల్లియు పాడెననియు, ఊరంతయు ఎఱిగినదే యనియు ఆమె చెప్పగలదు. చెప్ప నక్కఱయు లేదు. వినువారందఱు దానిని ముందే అంగీకరించియున్నారు. కర్త లేనందున శిక్షింపదగినవారును లేరు. ఐనను ఆ క్షణమున, ఆ తావున, వేయి లండైలలో దానినే ఎన్నుకొన్నది ఆమెయే. వినవలసినవారికి ఆ యెన్నిక అర్థమగును. ఎన్నికయందు ఆమె స్వతంత్ర; రచనయందు ఆమె నిరపరాధిని. మేము కర్త లేని కర్తృత్వమనునది దీనినే.

దీనికి పోలికగా లీలా అబూ లుగోద్ 1986లో ప్రకటించిన గ్రంథము స్మరణీయము. ఈజిప్టు పశ్చిమపు టెడారిలోని అవ్లాద్ అలీ బెదూయినుల స్త్రీలు సంభాషణలో మానమును, నిగ్రహమును వెల్లడింతురు. గిన్నావా యను చిన్న గేయములలో ప్రేమను, దుర్బలత్వమును వెల్లడింతురు. ఒకే సమాజమున రెండు భాషలు చెల్లుబడి యగుట ఆమె కనిపెట్టిన విశేషము. పష్తూన్ స్త్రీల విషయమును ఇంచుమించు ఇట్టిదే. కాని లండై కోమలత్వముకంటె ఎత్తిపొడుపునకే మొగ్గు చూపును.

లండై మార్పునకు లొంగును. ఒక్క మాట మార్చిన చాలు, పాత పద్యము కొత్తదగును. ఆంగ్లేయుని గూర్చిన లండైలో ఆంగ్లేయునికి బదులు రష్యనును, పిమ్మట రష్యనునకు బదులు అమెరికనును చేరుట సంకలనకర్తలు గుర్తించిరి. ఇటీవలి లండైలలో డ్రోను విమానమును, ఫేస్‌బుక్కును చోటు చేసికొన్నవి. ఇట్లు మార్చుటకు ఎవరి యనుమతియు అవసరము లేదు. మార్చిన స్త్రీ పేరును నిలువదు.

టప్పాలను పురుషులును పాడుదురు, కొన్నింటిని వారును కట్టియుందురు. స్త్రీకంఠమున పలుకు ప్రతి పద్యమును స్త్రీయే కట్టినదని చెప్పజాలము. ఐనను ఈ జాతియందు ప్రధానస్వరము స్త్రీది. పురుషుడు పాడినపుడును తరచుగా 'జానాన్' అని ప్రియుని సంబోధించు స్త్రీ గొంతునే ధరించును. అధికారము గల వాడు అధికారము లేని వారి గొంతును అరువు తెచ్చుకొనుట గమనింపదగినది.

5. తిరుగుబాటు మాత్రమేనా?

ఆధునికులు లండైని స్త్రీ తిరుగుబాటుగా కీర్తించుట కలదు. జేమ్స్ స్కాట్ 1985లో బలహీనుల ఆయుధములను గూర్చి వ్రాసిన నాటినుండి నిత్యజీవితమందలి చిన్న ధిక్కారములకు పరిశోధనలో గౌరవము పెరిగినది. కాని సర్వమును ధిక్కారముగా చదువుట ప్రమాదమని అబూ లుగోద్ 1990లోనే హెచ్చరించినది. నియమములను ధిక్కరించుటయందే కాక వానిని ఆచరించుటయందును కర్తృత్వ ముండగలదని సబా మహమూద్ 2005లో కైరో స్త్రీల ధార్మికోద్యమమును పరిశీలించి వాదించెను.

లండై ఈ హెచ్చరికలను సమర్థించుచున్నది. 1880 జూలై 27న మైవంద్ యుద్ధమున ఆంగ్లసైన్యము ఓడినది. ఆఫ్ఘనులు వెనుదీయుచుండగా మలాలై యను యువతి తన మేలిముసుగును పతాకగా ఎత్తి ఒక లండై పలికి వారిని సిగ్గుపఱచెననియు, ఆమెయు ఆ రణమున మరణించెననియు ఐతిహ్యము కలదు. కథ ఐతిహ్యమైనను అది చెప్పు సంగతి స్పష్టము. ఇక్కడ స్త్రీ పష్తూన్‌వలీని ధిక్కరించుట లేదు. దానినే చేతబట్టి పురుషుని కొలుచుచున్నది. వెన్నున గాయముతో వచ్చిన ప్రియుని నిరాకరించుట లండైలలో ప్రసిద్ధమైన వస్తువు. ఏ మానధర్మము పేర పురుషుడు స్త్రీని బంధించెనో, ఆ ధర్మమునకే ఆమె న్యాయాధిపతి యగుచున్నది.

దీని ఫలము సంతోషకరము మాత్రమే కాదు. స్త్రీ పలుకు పురుషుని యుద్ధమునకు పురికొల్పును. ఆ యుద్ధము మరల ఆమెకే వైధవ్యమును, పుత్రశోకమును తెచ్చును. ఆ శోకమునకును లండైయే భాష. బంధమును బిగించుటకును, సడలించుటకును ఒకే పద్యము పనికివచ్చుచున్నది. ఈ రెండు ముఖములలో ఒకదానినే చూపు వ్యాఖ్య లండైకి న్యాయము చేయజాలదు.

6. సంకలనకర్తలు

మౌఖికకవిత్వము మనకు అందునది సంకలనకర్త చేతిమీదుగానే. 1880వ దశాబ్దమున పెషావరు ప్రాంతమున తిరిగిన ఫ్రెంచి పండితుడు జేమ్స్ దార్మ్‌స్తెతర్ 'ఆఫ్ఘనుల జానపదగేయములు' అను సుప్రసిద్ధ సంకలనమును 1888-1890లలో వెలువరించెను. ఆయనకు పాటలనొసగినవారు ముఖ్యముగా డుమ్‌లను వృత్తిగాయకులు, పురుషులు. అందుచే ఆ గ్రంథమున వీరగాథలు విస్తారము. స్త్రీల గొంతు స్వల్పము. పాట లేకపోవుట వేఱు, పాట నడిగినవాడు చేరజాలని గదిలో అది యుండుట వేఱు.

1955లో పెషావరు విశ్వవిద్యాలయమున పష్తో అకాడమీ నెలకొన్నది. అచ్చట పనిచేసి తరువాత దానికి అధ్యక్షురాలైన సల్మా షాహీన్ 'రోహీ సందరే' యను టప్పాల సంకలనమును కూర్చినది. కాబూలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన సయ్యద్ బహావుద్దీన్ మజ్రూహ్ సోవియట్ దండయాత్ర పిమ్మట పెషావరు చేరి, శరణార్థులైన స్త్రీల లండైలను సేకరించెను. 1988 ఫిబ్రవరి 11న ఆయన పెషావరులో హత్య చేయబడెను. ఆయన సేకరణ 'ఆత్మహత్యయు గానమును' అను అర్థమిచ్చు పేరుతో ఫ్రెంచిలోను, 2003లో ఆంగ్లములోను వెలువడినది. తన బ్రతుకును నిరసించుటకు పష్తూన్ స్త్రీకి మిగిలిన మార్గములు ఈ రెండే యని ఆ గ్రంథనామము సూచించును. 2014లో ఎలైజా గ్రిస్వోల్డ్ ప్రకటించిన సంకలనము యుద్ధకాలపు కొత్త లండైలను ఆంగ్లపాఠకులకు పరిచయము చేసినది.

7. పేరు బయటపడినపుడు

అజ్ఞాతత్వము కవచమైనచో, అది తొలగినపుడు ఏమగును? కాబూలున సాహిరా షరీఫ్ అను పార్లమెంటు సభ్యురాలు స్థాపించిన మీర్మన్ బహీర్ అను స్త్రీల సాహిత్యసంఘము ఈ ప్రశ్నను ప్రత్యక్షము చేసినది. నగరపు సభ్యురాండ్రు బహిరంగముగా సమావేశమైరి. దూరపు మండలముల యువతులు రహస్యముగా టెలిఫోనున తమ కవితలను చదువుచుండగా నగరమువారు వ్రాసికొనుచుండిరి. లండై నేర్పిన యువతి ఇప్పుడు తన సొంత కవితకు తాను కర్త్రి కాగోరినది. 2010లో హెల్మండ్ మండలపు ఒక యువతి ఇట్లు ఫోనున కవిత చదువుచు ఇంటివారికి పట్టుబడి, దెబ్బలు తిని, ఒంటికి నిప్పంటించుకొని మరణించినది. ఊరందఱిదైన పద్యమును సహించినవారు ఒకతెదైన పద్యమును సహింపలేకపోయిరి. భావమున భేదము లేదు, సంతకమున కలదు.

2021 ఆగస్టు 15న కాబూలు మరల తాలిబానుల వశమైనది. బాలికల ఉన్నతపాఠశాలలు మూతపడినవి; 2022 డిసెంబరున విశ్వవిద్యాలయములును స్త్రీలకు మూసివేయబడినవి. 2024 ఆగస్టున ప్రకటింపబడిన నీతిశాసనము స్త్రీ కంఠస్వరమునే కప్పదగినదిగా పేర్కొని, ఆమె పాటయు, పఠనమును పరులకు వినబడరాదని విధించినది. వెనుకటి నిషేధములు పలుకబడిన విషయమును బట్టి, పలికినవారి పేరును బట్టి యుండెను. ఈ శాసనము గొంతునే లక్ష్యముగా చేసికొన్నది. అజ్ఞాతత్వమును గూడ ఇది దాటివచ్చినది. ఏలయన పద్యము ఎవరిదైనను, పలుకు గొంతు ఒక స్త్రీదే కావలయును. లండై ఇంతకాలము దాగియుండిన చోటు ఇప్పుడు పరీక్షకు వచ్చినది.

8. పరిశోధకులకు

ఈ పరిశీలనమునుండి మన పరిశోధకులు గ్రహింపదగిన విషయములు కలవు. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) మొదలుగా మన విశ్వవిద్యాలయములలో స్త్రీల పాటల సేకరణ సాగుచున్నది. వెల్చేరు నారాయణరావుగారు 1991లో తెలుగు స్త్రీల రామాయణపు పాటలను పరిశీలించి, ఇంటిలోపల పాడబడు పాటలలో ఇంటి పెత్తనమును ప్రశ్నించు చూపు కలదని నిరూపించిరి. పాట పాఠమును మాత్రమే వ్రాసికొనినచో ఈ చూపు మనకు అందదు. ఎవరి యెదుట, ఏ పని నడుమ, ఎవరి పాటకు బదులుగా పాడిరో వ్రాసికొనవలయును. పాడినవారి పేరును ప్రకటించుట శాస్త్రీయతకు గుర్తని మనము నేర్చితిమి. ఆ పేరు ఆమెకు కీడు తెచ్చునా యని ముందుగా విచారించుటయు శాస్త్రధర్మమే.

అనువాదకులకును ఒక మాట. పష్తోలో 'పోయియున్నాను' అనుచో పలుకునది స్త్రీయో పురుషుడో క్రియారూపమే చెప్పును. తెలుగున ఉత్తమపురుషకు లింగభేదము లేదు. లండైని తెలిగించినపుడు స్త్రీ గొంతు ఈ వ్యాకరణభేదముచేతనే మఱుగుపడవచ్చును. సంబోధనముచేతనో, సందర్భముచేతనో దానిని నిలుపుకొనవలయును. పేరు లేని కవయిత్రి తన పద్యమున విడిచిన ఏకైక గుర్తు ఆ గొంతే.